పుల్ దాటని ఆటో

రిటైరయ్యాక కూడా సైకాలజీ చదివే పిల్లలు నన్ను వదిలిపెట్టలేదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇంటికొస్తారు, చాయ్ తాగుతారు, అటూ ఇటూ మాట్లాడి చివరికి ఆ ప్రశ్న అడుగుతారు. "మేడం, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద కేసు ఏది?" ఏ హంతకుడి కథో వస్తుందని వాళ్ళ ఆశ. నేను ఒక ఆటో గురించి చెప్పడం మొదలుపెడతాను. ముఖాలు కొంచెం చిన్నబోతాయి. అయినా చెప్తాను, ఇవాళ వచ్చిన మీకూ అదే చెప్తున్నాను, ఎందుకంటే నాకు గర్వంగా ఉండేది దాని గురించే. నా గురించి కూడా కాదు, మీ వయసులో ఉన్న ఒక అమ్మాయి గురించి.

మాది హైదరాబాద్‌లో కార్వాన్. పాల వ్యాపారం చేసే ఇల్లు. బర్రెల కొట్టం పక్క గదిలో కూర్చుని చదువుకున్నాను. సైకాలజీలో చేరానని చెప్తే మా బాపు, "గదేం డాక్టర్ బిడ్డా?" అన్నాడు. మందులు రాయని డాక్టర్ అన్నాను. "మందులు రాయకుంటే జనమెందుకొస్తరు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. చార్మినార్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రి. అందులో మానసిక వైద్యానికి వెనకవైపు కేటాయించిన రెండు గదులు. ఒక గదిలో పెద్ద డాక్టరు, రెండో గదిలో నేను, రెండు తలుపులకూ మధ్య స్టూలు వేసుకుని మా అటెండరు. ఆయన్ని ఆసుపత్రి మొత్తం చాచా అనే పిలిచేది. ఎవరు ముందు లోపలికి వెళ్ళాలో, ఎవరికి మంచినీళ్ళు ఇవ్వాలో, ఎవరు గొడవకొచ్చారో ఆయన చూసుకునేవాడు.

నేను రిటైరు కావడానికి కొంచెం ముందు, నగరంలో ఒక యూనివర్సిటీ వాళ్ళు సైకాలజీ డిగ్రీ పద్ధతి మార్చారు. రెండేళ్ళు తరగతిలో చదివాక ఒక ఏడాది పూర్తిగా ఏదో ఒక పని చోట గడపాలి, తర్వాత మళ్ళీ వచ్చి చివరి ఏడాది చదవాలి. అక్కడి హెడ్ ఫోన్ చేసి ఒక విద్యార్థిని తీసుకుంటారా అని అడిగారు. సరే అన్నాను. మా పెద్ద డాక్టరు నవ్వి, "చిన్న పిల్లలు మేడం, మనకే కూర్చోడానికి చోటు లేదు" అన్నారు. చాచా ఎక్కడి నుంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా టేబుల్ పక్కన వేశాడు. చోటు సమస్య అలా తీరిపోయింది.

వచ్చిన అమ్మాయిది నగరం శివారులో జల్‌పల్లి. అక్కడి కొత్త కాలనీల్లో చిన్న జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్న ముస్లిం కుటుంబం. తండ్రి చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో సేల్స్‌మన్. పొద్దున స్కూటర్ మీద కూతుర్ని మా గేటు దగ్గర దించి దుకాణానికి వెళ్ళేవాడు. మొదటి రోజు లోపలికొచ్చి నాతో మాట్లాడాడు. "మేడం, అందరు మూడేండ్లల్ల డిగ్రీ అయిపోగొడుతున్నరు. ఈమెకు నాలుగేండ్లంటున్నరు. అండ్ల ఒక ఏడు గిట్ల దవాఖానల కూసోవుడేనా? ఇదేం చదువు?" ఏడాది అయ్యాక మీరే చెప్పండి అన్నాను. ఆయన నమ్మలేదు. కానీ మర్యాద గల మనిషి, సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

అమ్మాయి తెలివైనది. తెలుగు, ఉర్దూ రెండూ గడగడా వచ్చు. ఒక్కటే ఇబ్బంది, మాట ఆగదు. పుస్తకంలో చదివిందంతా ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. నిద్రపట్టడం లేదని వచ్చిన ఒక ముసలామెకు నిద్రలో మెదడు ఏం చేస్తుందో వివరించడం మొదలుపెట్టింది. నేను పక్క గదిలో పని చూసుకుని వచ్చేసరికి ముసలామె కుర్చీలోనే గుర్రుపెట్టి నిద్రపోతోంది. "నీ వైద్యం బాగానే పనిచేసింది" అన్నాను. సిగ్గుపడింది, కానీ మాట తగ్గించలేదు.

మీరు కూడా అలాగే ఉంటారు, నాకు తెలుసు. ఏడాది పని అంటే రోజుకో వింత జబ్బు చూస్తామనుకుంటారు. ఆ అమ్మాయి మొదటి నెలలన్నీ వరసలో నిలబడ్డవాళ్ళను కూర్చోబెట్టడం, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవడం, నేను మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినడంతోనే గడిపింది. మూడోది ఆమెకు అన్నిటికంటే కష్టమైంది.

అలాంటి రోజుల్లో ఆటో అన్న వచ్చాడు.

నలభై దాటిన మనిషి. శాలిబండ వైపు ఇల్లు, చార్మినార్ చుట్టుపక్కలే ఆటో నడపడం. భార్య వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని ముందే చెప్పేశాడు. "మేడం, నేను పాగల్ గాదు. గుండె డాక్టర్ సాబ్ గిక్కడికి పంపిండు గని, ఎందుకు పంపిండో నాకైతె సమజ్ కాలే."

సంగతి ఇది. ఆయన అన్న గుండెపోటుతో ఉన్నట్టుండి చనిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఎండాకాలంలో, అఫ్జల్‌గంజ్ వైపు సవారీలను తీసుకెళ్తూ మూసీ వంతెన నయాపుల్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. గుండె దడదడలాడింది, చేతులు తిమ్మిరెక్కాయి, గొంతు పట్టేసింది. నేను కూడా పోతున్నాను అనుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే గుండె నిక్షేపంలా ఉందన్నారు. ఇంకోసారి అదే పుల్ మీద మళ్ళీ అదే జరిగింది. పరీక్షలన్నీ చేశారు, ఏమీ లేదు. అప్పటి నుంచి పుల్ దాటడం మానేశాడు. నయాపుల్ ఒక్కటే కాదు, మూసీ మీద ఏ పుల్ అయినా. సవారీ కోఠీ అంటే రానంటాడు, సికింద్రాబాద్ అంటే తల తిప్పుకుంటాడు. ఫోన్‌లో బుకింగ్ వస్తే, నది అవతల అని తెలియగానే క్యాన్సిల్ కొట్టేవాడు. చివరికి ఆ యాప్ వాళ్ళు ఆయన్ని తీసేశారు.

"హైదరాబాద్‌ల ఆటో నడుపుకుంట మూసీ దాటనంటె ఎట్ల మేడం?" అంది భార్య. "నీళ్ళల్ల దిగనన్న చేప లెక్క."

ఆయనకు కోపం వచ్చింది. "నీకేం తెలుసే? ఆ టైంల నా లోపట ఏమైతదో నీకేమెరుక?"

అప్పుడు మా అమ్మాయి మొదటిసారి సరైన చోట సరైన మాట అంది. "చెప్పు అన్నా. ఏమైతది? మొదటి నుంచి చెప్పు." ఆయన ఆమె వైపు తిరిగి చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆమె ఒక్క మాట అడ్డం రాలేదు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదని, భయానికి ఒంటి స్పందన అని, దీన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటే తగ్గుతుందని తర్వాత నేను వివరించాను. వారం వారం రమ్మన్నాను. అమ్మాయి నా పక్కనే ఉంటుందని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమెను "చెల్లె" అని పిలిచాడు. ఆ పిలుపుకు ఆమె ముఖం వెలిగిపోయింది.

ఆ వెలుగే కొంప ముంచింది.

రెండు మూడు వారాలు బాగా నడిచాయి. ఒక సాయంత్రం అమ్మాయి తండ్రి దుకాణానికి నడుచుకుంటూ వెళ్తుంటే ఆటో స్టాండ్ దగ్గర ఆయన కనిపించాడు. హుషారుగా ఉన్నాడు. "చెల్లె, ఇయ్యాల నాకు ధైర్యంగ అనిపిస్తుంది. నువ్వు ఎనక కూసుంటె పుల్ దాటుత" అన్నాడు. నాకు ఒక ఫోన్ చేసి ఉండవచ్చు. చెయ్యలేదు. ఎక్కి కూర్చుంది. పుల్ మధ్యకు వెళ్ళేదాకా, "ఏం గాదు అన్నా, ఏం గాదు, నేనున్న గదా" అంటూనే ఉందట. పుల్ మధ్యలో ఆయన బ్రేక్ కొట్టాడు, ఆటో దిగాడు, వచ్చిన దారినే పరిగెత్తాడు. ఆటో రోడ్డు మధ్యలో, వెనక సీట్లో ఈ అమ్మాయి. హారన్లు, తిట్లు, ట్రాఫిక్ కానిస్టేబుల్. వెనక బండి మీదున్న ఎవడో ఇదంతా ఫోన్‌లో తీశాడు. చీకటి పడేసరికి ఆ వీడియో ఆటో స్టాండ్ వాళ్ళ గ్రూపులో తిరుగుతోంది.

మర్నాడు నేను వచ్చేసరికే ఆమె గదిలో నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడం, నిన్న మీకు చెప్పకుండ ఒక పని చేసిన" అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. ఒక్క ముక్క కూడా తనకు అనుకూలంగా తిప్పుకోలేదు. ఆయనే అడిగాడు అని చెప్పుకోవచ్చు, అది నిజమే కూడా. ఆ మాట చివరలో, నేను గుచ్చి అడిగాక చెప్పింది. నేను కోప్పడ్డాను. కోప్పడుతూనే, ఈ పిల్ల పనికొస్తుంది అనుకున్నాను.

ఆ వారం ఆటో అన్న రాలేదు. పై వారం కూడా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. వీడియో సంగతి యూనివర్సిటీకి తెలిసి హెడ్ ఫోన్ చేశారు.

"మేడం, అమ్మాయిని వేరే ప్లేస్‌మెంట్‌కు షిఫ్ట్ చేద్దామా? ఏదైనా స్కూల్లో పెడతాం. రిస్క్ ఉండదు. లేదంటే ఈ ఏడాది క్యాన్సిల్ చేసి క్లాసుకు వెనక్కి పిలిపిస్తాం."

"ఆమె ఏం చెప్పింది?"

"మీరు ఉండమంటే ఉంటానంది. మీరు ఎలా చెప్తే అలా."

అమ్మాయి ఎదురుగానే కూర్చుని ఉంది. బురఖా అంచు వేలికి చుట్టుకుంటోంది. మా పెద్ద డాక్టరుకు కూడా ఆమెను పంపేస్తేనే మేలని ఉంది, బయటికి అనలేదు. నేను ఫోన్‌లో అన్నాను, "సర్, ఆమె మొదలుపెట్టిన పని సగంలో ఉంది. ఇప్పుడు పంపేస్తే ఆమె నేర్చుకునేది ఒకటే, పని చెడిపోతే చోటు మారడం. ఆమె ఇక్కడే ఉంటుంది. ఇకమీద ఏం జరిగినా బాధ్యత నాది." ఫోన్ పెట్టేశాక ఆమె ఏదో అనబోయింది. "ముందు ఆ మనిషి ఎలా ఉన్నాడో కనుక్కుందాం" అన్నాను.

ఆయన భార్యే వచ్చింది. ఆటో మీద టార్పాలిన్ కప్పేశాడని, ఇంట్లోంచి కదలడం లేదని చెప్పింది. మేం ఇంటికి రావచ్చా అని ఆయన్నే అడిగి చెప్పమన్నాను. మర్నాడు ఆమె ఫోన్ చేసి, "రానియ్యి అన్నడు మేడం. మాట్లాడుతడో లేదో మరి" అంది.

శాలిబండ గల్లీలో ఒకే గది ఇల్లు. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఏం మాట్లాడాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. మా అమ్మాయి ముందుకెళ్ళి కింద చాప మీద కూర్చుంది.

"అన్నా, తప్పు నాది. నీది గాదు. నేను తొందరవడ్డ."

ఆయన కదల్లేదు. "తప్పు ఎవలదైతేంది చెల్లె. ఇజ్జత్ పోయింది. స్టాండ్‌ల పోరగాండ్లందరు జూసిండ్రు. నా బిడ్డ గూడ జూసింది."

"ఆ వీడియోల నేను గూడ ఉన్న అన్నా. మా అబ్బాజాన్ జూసిండు."

అప్పుడు కొంచెం తల తిప్పాడు. "నువ్వెక్కడున్నవ్? నేను ఉరుకుడే గదా ఉన్నది?"

"నువ్వు సక్కగ చూడలే. లాస్టుకు, ఆటో కింద చెప్పు వడిపోతె వంగి దేవులాడుతున్నది ఎవలనుకున్నవ్? కానిస్టేబుల్ నన్నే నడుపుమంటుండు. నాకు సైకిల్ గూడ రాదు."

ఆయన ఒక్క క్షణం ఆమె వైపే చూసి, తర్వాత పగలబడి నవ్వాడు. వంట దగ్గరున్న భార్య చేతిలో గరిటెతోనే వచ్చి చూసింది. నవ్వు ఆగాక ఆయనే, "మల్ల మొదట్నుంచి జేయాల్నా?" అని అడిగాడు. "మొదటి నుంచే, మెల్లగ" అన్నాను నేను.

ఈసారి పద్ధతి మార్చాం. పుల్ కంటే ముందు ఆయన భయపడుతున్నది తన గుండె చప్పుడుకు. కాబట్టి ఆ చప్పుడును గదిలోనే పుట్టించాలి. ఆయన నిలబడిన చోటే పరిగెత్తాలి. సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చాలి. కళ్ళు తిరిగేదాకా కుర్చీలో గుండ్రంగా తిరగాలి. ఒక్కడినే గెంతమంటే ఆయనకు నామోషీ అయింది. దాంతో మా అమ్మాయి కూడా ఎదురుగా నిలబడి గెంతడం మొదలుపెట్టింది. చప్పుడుకు చాచా తలుపు తోసుకుని వచ్చాడు. మధ్యవయసు మనిషి ఒకడు, బురఖాలో ఒక పిల్ల, ఎదురెదురుగా నిలబడి ఒగరుస్తూ పరిగెత్తుతున్నారు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను.

"మేడం, ఇదేంది? కుస్తీ అఖాడా పెట్టిండ్రా?"

"వైద్యం చాచా."

"మంచిగుంది. బయట ఉన్నోళ్ళు గూడ గిదే వైద్యం గావాల్నంటె నేనేం జెప్పాలె?" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

ఆటో అన్న మెడ మీద వేలు పెట్టి తన నాడి చూసుకున్నాడు. "చెల్లె, పుల్ మీద ఎట్ల కొట్టుకున్నదో గట్లనే కొట్టుకుంటుంది. గిక్కడ మాత్రం భయమైతలేదు."

"ఎందుకైతలేదంటవ్?" ఆమె చెప్పలేదు, అడిగింది. ఆ తేడా నేను గమనించాను.

ఆయన ఆలోచించాడు. "ఉరికిన గదా. అందుకే కొట్టుకుంటుందని ఎరుకే."

ఆ భయం ఎంతసేపు ఉంటుందో ఆమె తన మాటల్లో చెప్పింది, నా పుస్తకాల మాటల్లో కాదు. "గల్లీలకు పెండ్లి బరాత్ వస్తది గదా అన్నా. బ్యాండు ఇంటి ముంగటికి వచ్చినప్పుడు చెవులు పగిలిపోతయి. మల్ల ముందుకు పోతది, సప్పుడు తగ్గుతది. నువ్వు తలుపులు పెట్టుకున్నా, పెట్టుకోకున్నా అది పోనే పోతది. దాని ఎంబడి ఉరకాల్సిన పని లేదు." నేను ఆ తర్వాత ఎంతోమందికి ఆ మాట వాడుకున్నాను. ప్రతిసారీ, ఇది మా స్టూడెంటు చెప్పిన మాట అని కూడా చెప్పాను.

తర్వాత బయటికి వెళ్ళాం. ముందు పుల్ మొదట్లో నిలబడడం. తర్వాత నడిచి సగం, నడిచి మొత్తం. తర్వాత వేరేవాళ్ళ ఆటోలో వెనక కూర్చుని దాటడం. పని కొన్ని రోజులు ముందుకు వెళ్ళేది, కొన్ని రోజులు వెనక్కి వచ్చేది. నాకూ అమ్మాయికీ మధ్య ఒక నియమం ఉండేది, "ఏం గాదు" అన్న మాట వాడకూడదు. మనం ఏం కాదని చెప్పినంతకాలం, మనం లేని రోజు ఆయనకు ఏదో అవుతుందనే భయం ఉంటుంది. అమ్మాయికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేది. పెదవులు బిగబట్టి మింగేది. నాకు చూస్తుంటే నవ్వొచ్చేది, ముచ్చటగా కూడా ఉండేది.

ఏడాది చివరికొచ్చింది. ఎండలు ముదిరాయి. ఇక మిగిలింది ఆయన తన ఆటో తానే నడుపుకుంటూ నయాపుల్ దాటడం. ఒక పొద్దున టార్పాలిన్ తీసి, ఆటో కడిగి, హాండిల్‌కు మల్లెపూల దండ చుట్టుకుని ఆసుపత్రి గేటుకు వచ్చాడు. వెనక మేమిద్దరం కూర్చున్నాం. మదీనా చౌరస్తా దాటేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. పుల్ ఎక్కగానే మాట ఆగిపోయింది.

సగం దాటాం. అప్పుడు ముందున్న బండ్లన్నీ ఆగిపోయాయి. కూలర్లు నింపుకున్న ఒక డీసీఎం వ్యాను పుల్ మీద చెడిపోయింది. నిమిషంలో వెనక కూడా మూసుకుపోయింది. కుడిపక్క బస్సు, ఎడమపక్క ఇంకో ఆటో, కింద మూసీ వాసన, పైన ఎండ. ఆయన మొదటిసారి ఇరుక్కున్న రోజు ఎలా ఉందో అచ్చం అలాగే. ఇది మా లెక్కలో లేదు.

"మేడం," అన్నాడు వెనక్కి తిరగకుండా. "మొదలైంది."

నేను నోరు తెరవబోయాను. అమ్మాయి చెయ్యి నా మోకాలి మీద పడింది. ఆగమని. నేను ఆగాను.

"భయం పదిల ఎంతుంది అన్నా?" ఆమె గొంతు మామూలుగా ఉంది.

"తొమ్మిది. చేతులు గుంజుతున్నయి. దిగి ఉరకాల్ననిపిస్తుంది."

"అనిపిస్తది."

అంతే అంది. ఆయన హాండిల్ పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది. కొంచెం ఆగి ఆమె అంది, "అన్నా, ఆటోకు తలుపుల్లేవు. దిగుతనంటె ఎవలు ఆపరు. ఉంటనంటె ఉండు. నీ ఇష్టం."

ఆయన దిగలేదు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఎడమపక్క ఆటోలోంచి ఒక కుర్రాడు తల బయటపెట్టాడు. ఆయన స్టాండ్ వాడే. గుర్తుపట్టి గట్టిగా నవ్వాడు. "అరే అన్నా, నువ్వా! మల్ల పుల్ మీదికొచ్చినవా? ఫోన్ తియ్యాల్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడిని ఏదైనా అనాలనిపించింది. అమ్మాయి చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది.

ఆటో అన్న మెల్లగా వాడి వైపు తిరిగాడు. "తియ్యి భాయ్," అన్నాడు. "ఈసారి మంచిగ తియ్యి. కిందటి దాంట్ల నా మొఖం సక్కగ రాలే."

వాడు తల లోపలికి తీసుకున్నాడు.

తర్వాత ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలియదు. అమ్మాయి మధ్యమధ్యలో ఎంత అని అడుగుతోంది. తొమ్మిది అలాగే ఉంది. తర్వాత ఎనిమిది. మళ్ళీ తొమ్మిది. తర్వాత ఆరు అన్నాడు. అనేసి, తన మాట తనకే వింతగా ఉన్నట్టు ఇంకోసారి అన్నాడు. "ఆరు చెల్లె." కాసేపటికి పెద్దగా ఆవులించాడు. నా సర్వీసులో ఎన్నో మంచి శబ్దాలు విన్నాను, అంత మంచి ఆవులింత మాత్రం వినలేదు.

అప్పుడు ఉన్నట్టుండి ఆటో దిగాడు.

అమ్మాయి వేళ్ళు నా మోకాలిని గట్టిగా పట్టుకున్నాయి. ఆయన వెనక్కి వెళ్ళలేదు. బండ్ల మధ్య సందు చేసుకుంటూ ముందుకు నడిచాడు. చెడిపోయిన వ్యాను దగ్గర నలుగురైదుగురు చేరి తోస్తున్నారు. వాళ్ళ మధ్య దూరి, భుజం ఆనించి, "నూకుండ్రి, జోర్‌సే!" అని అరవడం మాకు వినిపించింది. ఎడమపక్క ఆటో కుర్రాడు కూడా దిగి పరిగెత్తాడు. వ్యాను కదిలింది. మెల్లగా పక్కకు వెళ్ళింది. దారి తెరుచుకుంది.

ఆయన చెమటలు కక్కుతూ, ఒగరుస్తూ వచ్చి సీట్లో కూర్చున్నాడు.

"గుండె దడదడ కొట్టుకుంటుంది మేడం!"

ఒక్క క్షణం మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. ఆయన వెనక్కి తిరిగి మా ముఖాలు చూసి నవ్వాడు. "గంత పెద్ద బండి నూకినంక కొట్టుకోదా మల్ల?"

ఆటో కదిలింది. పుల్ అయిపోయింది. అఫ్జల్‌గంజ్ వైపు దిగి పక్కకు తీసి ఆపాడు. ఆయన ఏదో చెప్పబోతున్నాడు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. నేను కూడా రెండు మంచి మాటలు చెప్పాలని గొంతు సవరించుకున్నాను. అంతలో పెట్టెలు, సంచులు, ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం ఆటో దగ్గరకు పరిగెత్తుకొచ్చింది.

"భాయ్, సికింద్రాబాద్ స్టేషన్ వస్తవా? రైలు టైమైతుంది."

ఆయన వాళ్ళ వైపు చూశాడు. మా వైపు చూశాడు. ముఖంలో కొంచెం మొహమాటం, దాని కింద దాచుకోలేని ఆనందం.

"మేడం, చెల్లె, జర దిగుతరా?"

దిగాం. పెట్టెలు ఎక్కాయి, పిల్లలు ఎక్కారు. ఆటో కోఠీ వైపు మలుపు తిరిగి ట్రాఫిక్‌లో కలిసిపోయింది. మేమిద్దరం రోడ్డు పక్కన ఎండలో నిలబడిపోయాం.

"మేడం, ఒక్కసారి గూడ ఎనకకు చూడలే గదా?" అంది అమ్మాయి.

"చూడలేదు" అన్నాను. మా పనిలో సన్మానాలు తక్కువ. పేషెంటు మనల్ని రోడ్డు మీద దించేసి తన పని మీద తాను వెళ్ళిపోవడం కంటే పెద్ద సన్మానం నాకు తెలియదు.

తిరిగి నడిచి వచ్చాం. ఆ అమ్మాయి తర్వాత ఏమైందని మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. చివరి ఏడాది చదివింది, పైచదువూ చదివింది. ఇప్పుడు తనే పేషెంట్లను చూస్తోంది, తన దగ్గరకు కూడా ప్లేస్‌మెంటు పిల్లలు వస్తున్నారు. వాళ్ళు చెప్పకుండా ఏదైనా చేస్తే నాకు ఫోన్ చేసి మొరపెట్టుకుంటుంది. నేను బాగా నవ్వుకుంటాను. వాళ్ళ నాన్న చివరి రోజున స్వీట్ డబ్బాతో వచ్చి, చదువు గురించి ఏమీ అనకుండా చాచాతో, నాతో, పెద్ద డాక్టరుతో ముగ్గురితోనూ చేతులు కట్టుకుని మాట్లాడి వెళ్ళాడు.

ఆ రోజు మేం ఆసుపత్రికి చేరేసరికి వరస గేటు దాకా ఉంది. చెమటతో తడిసి, దుమ్ము కొట్టుకుని, మేమిద్దరమే నడిచి వస్తుంటే చాచా స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. మా వెనక ఎవరూ లేకపోవడం చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"మేడం, పేషెంట్ ఏడి?"

నేను చెప్పేలోపే మా అమ్మాయి వరసలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేలా అరిచింది.

"సికింద్రాబాద్ పోయిండు చాచా!"